నీలిమన్ను రుచి

భాదేశ్వర్ చిటికెడు మన్ను నోట్లో వేసుకున్నాడంటే మా కుమ్మరి ఊరంతా మాటలు మానేసి అతని మొహం వంకే చూసేది. గోతి అడుగున తీసిన మన్నుని ముందుపళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా కొరికేవాడు. కరకరమంటే ఇసుక ఉన్నట్టు. దానితో చేసిన కుండ ఆవంలో కాల్చేటప్పుడే పగులుతుంది. కరకర లేకుండా నాలుక మీద నున్నగా జారిపోతే అదే అసలైన నీలిమన్ను. అప్పుడు ఉమ్మేసి, "తియ్యండి" అనేవాడు. బుట్టలు దిగేవి. నలభై ఏళ్ళలో ఆ నాలుక ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

నాలుక సంగతి అలా ఉంచితే మనిషి ఏమంత చూడదగ్గవాడు కాదు. పొట్టి. కుడిచెవి వినపడదు. వక్క నమిలి నమిలి పళ్ళు నల్లబడిపోయాయి. పొరుగింటి బాతులు పెరట్లోకి వస్తే వాటి వంశం మొత్తాన్ని వర్ణించి తిడతాడు. కానీ కాళ్ళ కింద ఎంత లోతున ఏముందో అతనికి తెలిసినంత మా ద్వీపంలో ఇంకెవరికీ తెలియదు, జీపుల్లో వచ్చిపోయే ఆఫీసర్లతో సహా.

అతను పుట్టిందే భూమి గొడవలో. పెద్ద భూకంపం వచ్చిన మూడోరోజున, భాదో నెల, అంటే భాద్రపదం, మొదటి తేదీన, అరటితోటలో తడి గోనెపట్టా మీద తల్లి అతన్ని కన్నది. ఇళ్ళన్నీ పడిపోయాయి కనక పురిటికి చుట్టూ గోడంటూ లేదు. నెల పేరే పేరయింది. ఎగువన కొండలు విరిగి లోయల్లో పడి, వాగులన్నీ ఆగిపోయి, తర్వాత అడ్డు తెగి ఒక్కపెట్టున వచ్చాయి. లుయిత్ నది, బయటివాళ్ళు బ్రహ్మపుత్ర అనేది, నల్లగా, కుళ్ళు కంపుతో, చచ్చిన చేపలతో, వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన చెట్లతో పారింది. ఆ మట్టంతా అడుగున పడి నది మట్టం పైకి లేచింది. అంతకుముందు తన దారిన తాను లోతుగా పోయే నది, ఆ ఏటి నుంచీ పక్కలకి ఒరుసుకుంటూ ఒడ్లు తినడం మొదలుపెట్టింది. ఆ ఆకలికీ భాదేశ్వర్‌కీ ఒకటే వయసు. అందుకే ఊళ్ళోవాళ్ళు అతన్ని "ఒరే భూకంపం" అని పిలుస్తారు.

పదహారో ఏట తండ్రి అతన్ని మన్ను గోతిలోకి దింపాడు. మా దగ్గర కుమ్మరిమన్ను పైన దొరకదు. ఇరవై మూరలు కిందికి పోవాలి. భుజాలు పట్టేంత వెడల్పు, ఒక వెదురు నిచ్చెన, పైన తాడు పట్టుకుని ఒక మనిషి. దిగేముందు అరటాకులో వక్కా తమలపాకూ పెట్టి దీపం వెలిగించి భూమికి దండం పెట్టాలి. మన్ను తీశాక వానలు రాకముందే గొయ్యి పూడ్చాలి. అలా చెయ్యకపోతే భూమికి కోపమొచ్చి గోడ కూలుతుందని నమ్మకం. నమ్మకమే కాదు, కూలుతుంది కూడా.

తండ్రి నిచ్చెన మీద ఆగి ఆగి గోడ చూపించాడు. పైన రెండు మూరలు మెత్తటి ఒండ్రు, ఆవాలు పండేది. దాని కింద మూరెడు మందాన ముతక బూడిదరంగు పొర, అందులో చెక్కపేళ్ళు, గులకరాళ్ళు.

"ఇదేంటో చెప్పు చూద్దాం," అన్నాడు తండ్రి.

"మట్టి."

"మట్టి కాదురా మొద్దూ, నీ పుట్టినరోజు. ఆ ఏడు కొండల్లోంచి కొట్టుకొచ్చింది. నువ్వూ ఇదీ ఒక్కసారే దిగబడ్డారు ఊళ్ళోకి. ఇద్దరి వల్లా ఏం లాభమో చూడాలి మరి."

ఇంకా కిందికి తెల్లటి ఇసుక, వేలెడు వేలెడు చారలుగా. ఒక్కో చార ఒక్కో వరద. ఆ కింద కుళ్ళిన ఆకుల నల్లగీత. ఎప్పుడో అడవి మొలిచిన నేల. మళ్ళీ ఇసుక. అట్టడుగున, కాలు పెడితే పట్టుకుని వదలని నీలిమన్ను.

"ఇసుక పరిగెత్తే నీళ్ళు పడేసి పోయేది," అన్నాడు తండ్రి. "ఇది నిలబడ్డ నీళ్ళది. ఇక్కడ పెద్ద మడుగు ఉండేదన్నమాట. ఎన్నేళ్ళు కదలకుండా కూర్చుంటే ఇంత మెత్తనిది కిందికి దిగాలి! తాతలకి తాతలు కూడా చూసుండరు. నోట్లో వేసుకో."

వేసుకున్నాడు. ఆ రుచి మళ్ళీ మరిచిపోలేదు.

పైన తాడు పట్టుకునేది లోఖేశ్వర్. ఇద్దరిదీ ఒకే ఈడు. నలభై ఏళ్ళు ఒకడు కింద, ఒకడు పైన. కిందవాడి ప్రాణం పైవాడి చేతుల్లో ఉంటుంది, పైవాడి కుటుంబం తినే తిండి కిందవాడి నాలుక మీద ఉంటుంది. ఒకసారి గోడ జారి భాదేశ్వర్ మెడదాకా ఇసుకలో కూరుకుపోతే లోఖేశ్వర్ గంటన్నర తాడు వదల్లేదు. అరచేతుల్లో తోలు లేచిపోయింది. పైకొచ్చాక భాదేశ్వర్ అన్న మొదటిమాట, "మన్ను బాగుంది, రేపు మళ్ళీ దిగుదాం." లోఖేశ్వర్ ఆ చేతులతోనే చెంప ఛెళ్ళుమనిపించాడు.

భార్య డింబేశ్వరి ఊళ్ళో పేరున్న చెయ్యి. మా కుమ్మరి ఆడవాళ్ళకి సారెచక్రం లేదు. కాలి బొటనవేలితో చెక్కపలక తిప్పుతూ, లోపల రాయి ఆనించి, బయట చెక్కబద్దతో కొట్టి కడవ చేస్తారు. ముప్పయ్యో ఏట భాదేశ్వర్‌కి గోతిలో పద్నాలుగు మూరల లోతున ఒక పాత పెంకు దొరికింది. దాని మీద బద్ద దెబ్బలు అచ్చం డింబేశ్వరి కడవల మీద ఉన్నట్టే ఉన్నాయి. తెచ్చి చేతిలో పెడితే ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎడమచేతివాటం మనిషి," అంది. "అంచు తొందరగా ముగించింది. పొయ్యి మీద అన్నం మాడుతుందేమో పాపం."

ఆ పెంకుని పొయ్యి పైన అటక మీద పెట్టుకుంది. ఏడుసార్లు ఇల్లు మారినా పెంకు వెంటే వచ్చింది.

ఏడుసార్లు. రాయడానికి ఒక్క మాట, కానీ ఒక్కోసారి స్తంభాలు పీకి, తడికెలు విప్పి, వక్కచెట్లకి దండం పెట్టి వదిలేసి వెనక్కి జరగడం. వక్కచెట్టు కాపుకొచ్చేసరికి నది వచ్చేది. ఇద్దరు కూతుళ్ళు పెళ్ళిళ్ళయి అవతలి ఒడ్డుకి పోయారు. చిన్నది వచ్చినప్పుడల్లా ఇల్లు ఎక్కడుందో రేవులో అడిగి రావాల్సి వచ్చేది. ఏడోసారి వేసిన ఇంటి వెనక లోఖేశ్వర్ ఇల్లు. దాని వెనక మఠం వాళ్ళ పొలాలు. ఇంక జరగడానికి చోటు లేదు. ఈ ఇల్లూ పోతే మిగిలింది కరకట్ట. కట్ట మీద టార్పాలిన్ కింద ఉండొచ్చుగానీ ఆవం పెట్టకూడదు, గొయ్యి తవ్వకూడదు. అక్కడికి చేరిన కుమ్మరి కుమ్మరి కాడు. భాదేశ్వర్‌కి ఉన్న భయం ఒక్కటే: ఆ కట్ట.

ఏడోసారి మారాక ఒక ఏడు శరదృతువులో జీపు వచ్చింది. దిగిన ఆఫీసరు బూట్లకి ఒండ్రు అంటకుండా ఆకుల మీద అడుగులేస్తూ, గోతుల వల్లే ఒడ్డు బలహీనపడి కూలుతోందని, ఇక నుంచీ తవ్వితే కేసు పెడతామని చెప్పాడు.

"పూడ్చేస్తాం సార్, ప్రతి ఏడూ," అన్నాడు భాదేశ్వర్. "ఒడ్డు పడేది గోతుల వల్ల కాదు. అడుగున ఇసుక పోతే పైది కూలుతుంది. తమరు పడవెక్కి కిందనుంచి చూస్తే..."

"నువ్వేం చదువుకున్నావు?"

జీపు వెళ్ళాక లోఖేశ్వర్ నవ్వాడు. "చెప్పకపోయావా, రోజూ మన్నే తింటానని!"

నవ్వు అక్కడితో సరి. గొయ్యి లేదు కనక మన్ను లేదు. మాకు పొలాలు లేవు. మాఘంలో కుండలు పడవకెత్తి ఊరూరూ తిరిగి, కడవకి కడవెడు వడ్లు కొలిపించుకుంటే ఏడాది తిండి. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది. డింబేశ్వరి పలక బోర్లించి గోడకి ఆనించింది. బద్ద పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన చేతులు ఊరికే ఉండలేక, ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పిసుక్కునేవి.

పుష్యంలో నది బాగా తగ్గింది. ఒకరోజు ఉదయం లోఖేశ్వర్ పెళ్ళాం పొమిలి చేపల బుట్టతో నీళ్ళ అంచుకి దిగి, అక్కడినుంచే కేకేసింది.

"అక్కా! ఓ డింబేశ్వరక్కా! లక్ష్మి వచ్చి మీ ఇంటి కింద కూర్చుందే!"

అందరూ పరిగెత్తారు. భాదేశ్వర్ ఇంటి ముందున్న ఒడ్డు నిలువుగా కోసుకుపోయి ఉంది. పైన ఒండ్రు, బూడిదరంగు పుట్టినరోజు పొర, ఇసుక చారలు, ఆకుల గీత, వరసగా. అట్టడుగున, నీటికి జానెడు పైన, నడుమెత్తు నీలిమన్ను. ఇరవై మూరలు తవ్వి ప్రాణం పణంగా పెట్టి తీసేది, చేత్తో అందుకునేలా. ఆడవాళ్ళు కొందరు దండం పెట్టారు. భాదేశ్వర్ ఒక్కడే పెట్టలేదు. కొంచెం గిల్లి నోట్లో వేసుకున్నాడు. నున్నగా జారిపోయింది.

"బాగుంది," అన్నాడు. "ఎవరూ ముట్టుకోకండి."

ఇంట్లో డింబేశ్వరి అడిగింది. "ఎందుకు ముట్టుకోకూడదు? గొయ్యి తవ్వద్దన్నారు. ఇది గొయ్యి కాదుగా."

"అది గడపే. నది ఆ గడప దగ్గర ఆగింది. ఇసకని తినేస్తుందిగానీ దాన్ని అంత తేలిగ్గా తినలేదు. మన చేత్తో మనం గడప తీసేస్తే సరాసరి ఇంట్లోకొస్తుంది."

"మరేం తిందాం? గడపా?"

అతను వక్క ముక్క నోట్లో వేసుకున్నాడు.

"బస్తాలో నెలకి సరిపడా బియ్యం ఉన్నాయి. నేను చూశా. నువ్వు భూమి లోపలంతా చూస్తావు, బస్తాలో చూడవు."

పది రోజులు అలాగే గడిపాడు. ఒడ్డు నుంచి గుమ్మం దాకా అరవై అడుగులని కొలిచి వెదురు పుల్లలు పాతాడు. రోజూ పొద్దున్నే లెక్కపెట్టేవాడు. పదకొండో రోజు డింబేశ్వరి గంజిలో ఉప్పేసి ఇద్దరికీ సగం సగం పోసి, తన సగం కూడా అతని గిన్నెలోకి వంచి లేచిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ మధ్యాహ్నమే అతను బుట్ట తీసుకుని ఒడ్డు దిగాడు. దీపం పెట్టలేదు, వక్కా తమలపాకూ పెట్టలేదు. భూమికి ఏమని చెప్పుకోవాలో తోచలేదు.

పది బుట్టలే తీద్దామనుకున్నాడు, పైకి కనపడనంత. కానీ ఊళ్ళో పదిహేను గడపలున్నాయి. భాదేశ్వరే తీశాడంటే ఇంక భయమేముంది? సాయంత్రానికల్లా లోఖేశ్వర్ దిగాడు, మర్నాడు అందరూ. ఆపడానికి అతనికి మొహం లేదు. మాఘం నాటికి ఒడ్డు కింద మనిషి వంగి దూరేంత తొర్ర, ఇరవై బారల పొడవున.

ఆ ఏడు కుండలు ఎంత బాగా వచ్చాయో! నది కొట్టుకొచ్చిన కట్టెలతోనే ఆవం మండింది. ఒక్క కడవ పగల్లేదు. పడవ నిండా పోయి వడ్లతో తిరిగొచ్చింది. డింబేశ్వరి చాలా రోజుల తర్వాత పుల్లటి ఉవ్వకాయ వేసి చేపల పులుసు వండింది. భాదేశ్వర్ తిన్నాడు. తింటూ తలుపులోంచి పుల్లలకేసి చూశాడు.

ఒడ్డు నది పొంగినప్పుడు పడదు. పొంగినప్పుడు నీళ్ళే దానికి ఆసరా. నీళ్ళు తీసినప్పుడు, లోపల నానిన ఇసుక బరువు మోసేవాడు లేక కూలుతుంది. వైశాఖంలో పెద్ద గాలివాన వచ్చింది, నది నిలువెత్తు లేచింది, అందరూ సామాన్లు కట్టుకున్నారు. అయిదోరోజు నీళ్ళు తగ్గుతుంటే అందరూ మూటలు విప్పుకుని నవ్వుకున్నారు. భాదేశ్వర్ మాత్రం విప్పద్దన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక అతను పెరట్లో ఉన్నాడు, కుడిచెవి నది వైపు. చప్పుడు వినపడలేదు. పాదాల కింద తెలిసింది. వంగి చూస్తే ఆవం వెనక నేల మీద సన్నటి గీత, వెంట్రుకవాసి. చూస్తుండగానే వేలెడయింది.

"డింబా! బయటికి రా! బయటికి!"

ఆమె వడ్ల బుట్ట ఈడ్చుకుంటూ వచ్చింది. లోఖేశ్వర్ పరిగెత్తుకొచ్చి రెండో బుట్ట అందుకున్నాడు. పలక, బద్ద, రాయి దొరికాయి. ఆమె మళ్ళీ గుమ్మం వైపు తిరిగింది.

"పెంకు..."

"వదిలెయ్!" అని ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెని అంత మోటుగా పట్టుకోవడం అదే మొదటిసారి.

ముందు ఆవం పోయింది. తర్వాత వక్కచెట్లు, నిలబడ్డవి నిలబడ్డట్టే, ఆకులైనా కదలకుండా కిందికి దిగిపోయాయి. చివరికి ఇల్లు. పెద్ద చప్పుడేం కాలేదు. దుమ్ము కూడా లేవలేదు. నది కాసేపు ఎర్రగా సుడి తిరిగి మళ్ళీ మామూలుగా పారింది. "తప్పు నాదే," అన్నాడు భాదేశ్వర్. మన్ను తియ్యకపోయినా పడేదేమో. రెండేళ్ళు ఆలస్యంగా పడేదేమో. ఆ రెండేళ్ళనీ తనే బుట్టల్లో ఎత్తి పడవలో వేసి పంపించాడు. ఆ ఆలోచన తర్వాత అతన్ని ఒక్కపూట కూడా వదల్లేదు.

లోఖేశ్వర్ తన పెరట్లోనే పాక వేసి ఇచ్చాడు. "కట్ట మీదికి పోతావా? నా కాళ్ళు విరిగాక పో," అన్నాడు.

నాలుగు రోజుల్లో నది కూలిన మట్టినంతా ఊడ్చుకుపోయింది. అయిదోరోజు ఉదయం పొమిలి మళ్ళీ కేకేసింది. ఈసారి లక్ష్మి అనలేదు. "కనపడుతోంది," అంది, అంతే.

కొత్తగా తెగిన ఒడ్డు లోఖేశ్వర్ ఇంటికి నలభై అడుగుల్లో ఉంది. కింద అదే నీలిచార. ఊరంతా దిగింది. పదిహేను గడపల్లోనూ వానాకాలానికి మన్ను లేదు, గోతుల మీద కేసు భయం అలాగే ఉంది, వచ్చే చలికాలం పడవకి కుండలు కావాలి. లోఖేశ్వర్ చేతిలో పార ఉంది.

భాదేశ్వర్‌కి తెలుసు, తవ్వద్దని చెప్పాలి. చెబితే ఏమంటారు? నీ ఇంటి కింద నువ్వు తీసుకున్నావుగా, ఇప్పుడు మా ఇంటి దగ్గరికొచ్చేసరికి నీతులా అంటారు. అనాల్సిందే. గడపా, ఇసుకా, నానిన బరువూ అని ఏం చెప్పినా ఇంక అతని మాటకి విలువ లేదు. విలువ మిగిలింది ఒక్కదానికే.

"చూడరా భూకంపం," అన్నాడు లోఖేశ్వర్. "రుచి చూడు."

అతను వంగాడు. చిటికెడు గిల్లి ముందుపళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అందరూ మాటలు మానేశారు.

జన్మలో అంత మంచి మన్ను తినలేదు. ఒక్క రేణువైనా పళ్ళకి తగల్లేదు. నాలుక మీద కరిగి గొంతు దాకా చల్లగా జారింది. తండ్రి గుర్తొచ్చాడు. ఏడుపొచ్చింది.

ఉమ్మేశాడు.

"ఇసుక," అన్నాడు. "కరకరలాడుతోంది. ఆవంలో ఒక్కటీ నిలవదు."

"సరిగ్గా చూడు," అన్నాడు లోఖేశ్వర్. "పైకి బాగానే ఉందిగా."

"చూశాను."

పొమిలి నమ్మలేదు. "బావగారికి వయసొచ్చింది, పళ్ళు కదిలి కరకరలాడాయేమో. అక్కా, నువ్వు పట్టుకు చూడు," అని గుప్పెడు పీకి డింబేశ్వరి చేతిలో పెట్టింది.

డింబేశ్వరి రెండు చేతులతో పిసికింది. ఆ చేతులకి కళ్ళు అక్కర్లేదు, పళ్ళు అక్కర్లేదు. ఒక్కసారి భర్త మొహంలోకి చూసింది. అతను ఆమె వంక చూడలేదు, లోఖేశ్వర్ ఇంటి చూరుకేసి చూస్తున్నాడు. వచ్చే చలికాలం పడవ లేదు. బుట్టలో వడ్లు ఎన్ని నెలలకో ఆమెకి తెలుసు. అతనికీ తెలుసు, ఈసారి బుట్టలో చూశాడు.

"ఇసకే," అంది డింబేశ్వరి. "పనికిరాదు."

లోఖేశ్వర్ పార నేలకి ఆనించాడు. "సరే," అన్నాడు. "నీ నాలుక చెప్పాక ఇంకేముంది." పార భుజాన వేసుకుని ఒడ్డెక్కాడు. వెనకే ఒక్కొక్కళ్ళూ ఎక్కారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. మట్టి బాగాలేకపోతే ఎవరేం చేస్తారు?

డింబేశ్వరి మాత్రం ఎక్కలేదు. నీళ్ళ అంచున కూర్చుంది. గుప్పెడు మన్ను ఆమె వేళ్ళ మధ్య అప్పటికే గుండ్రంగా తిరిగి, పల్చటి అంచు కూడా లేచింది. పొమిలి వెనక్కి తిరిగి చూసేలోపు దాన్ని నదిలో జారవిడిచింది. తర్వాత చేతులు కడుక్కుంది. మంచి మన్ను తొందరగా వదలదు. చాలాసేపు కడుక్కుంది.